పెరట్లో మూడు మొద్దులు: ఏది తవ్వాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. ఇంటికి పన్నెండడుగుల దూరంలో, పెరటి మధ్యలో, మోకాలెత్తున కొట్టేసిన వేప మొద్దు ఉంది. అడ్డం అడుగున్నర. చుట్టూ చిగుళ్లు వేస్తోంది. వచ్చే ఏడాది అక్కడ బండి పెట్టుకోవడానికి కాంక్రీటు నేల వేయాలనుకుంటున్నారు. ప్రహరీకి ఆనుకున్నట్టు కొబ్బరి మొద్దు ఒకటి, మూలన మునగ మొద్దు ఒకటి ఉన్నాయి. "ఏ మందు పోస్తే మూడూ పోతాయి?" అని అడిగారు.

మూడింటినీ పోగొట్టే మందు లేదు. అసలు ఏ మందూ మొద్దును మాయం చేయదు. మందు చేయగలిగింది రెండే: బతికున్న మొద్దును చంపడం, చచ్చిన మొద్దు కుళ్లడాన్ని కాస్త తొందరపెట్టడం. ఈ రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు మందులు. ఈ తేడా తెలియకే జనం డబ్బాల కొద్దీ ఏదో ఒకటి పోసి, ఏడాది తర్వాత కూడా అదే మొద్దుకు కాలు తగిలి పడుతుంటారు. చెట్లు కొట్టించడం, మొద్దులు తీయించడం ఇరవై ఏళ్లుగా నా పని. మీ మూడింటిలో ఒకటి తవ్వాలి, ఒకటి వదిలేయాలి, మూడోది ఒక పూట పని.

ముందు కొబ్బరి సంగతి, అది తేలిక కాబట్టి. కొబ్బరికి పెరిగే మొగ్గ ఒక్కటే, అది తలలో ఉంటుంది. తల పోతే చెట్టు పోయినట్టే, మొద్దు నుంచి చిగురు రాదు. తల్లివేరు ఉండదు. మొదలు నుంచి చేతి వేలంత లావున్న వేళ్లు వేల సంఖ్యలో నలువైపులా పోతాయి. వేప వేరులా ఏటేటా లావెక్కి గోడను ఎత్తే రకం కాదు అవి. కాబట్టి ప్రహరీ పక్కనున్న దాన్ని పెకలించడం మొదలుపెడితే లాభం కన్నా గోడ పునాది కింద మట్టి కదిలే నష్టమే ఎక్కువ. నేలమట్టం కన్నా నాలుగైదు అంగుళాలు లోతుకు కోసేసి, పైన మట్టి కప్పి మరిచిపోండి. లోపలి పీచు మెత్తబడే కొద్దీ గుంట పడుతుంది, అప్పుడప్పుడు రెండు తట్టల మట్టి పోస్తే చాలు.

ఒక్క సందర్భంలో మాత్రం వదలొద్దు. ఆ చెట్టు గానోడెర్మా అనే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులుతో చచ్చి ఉంటే, అంటే మొదట్లో ముదురు గోధుమరంగు జిగురు కారడం, తర్వాత మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగు అరల్లా రావడం చూసి ఉంటే, ఆ మొద్దు, వేళ్లు నేలలో ఉన్నంతకాలం పక్క కొబ్బరి చెట్లకు తెగులు పాకే దారి ఉన్నట్టే. అప్పుడు గోడ సంగతి జాగ్రత్తగా చూసుకుంటూనే తవ్వి తీసి, వేళ్లతో సహా ఊడ్చి కాల్చేయాలి.

మునగ గురించి రెండు మాటలు చాలు. చెక్క మెత్తన, వేరు దుంపలా ఉంటుంది. చుట్టూ అడుగు లోతు తవ్వి గునపంతో ఎత్తితే వచ్చేస్తుంది. బద్ధకించి వదిలేస్తే మాత్రం గుబురుగా చిగురు వేస్తుంది. కాయ కోసం పెంచేవాళ్లు దాన్ని నరికి నరికి చిగురింపజేసేది అందుకే.

ఇక వేప. అసలు పని ఇక్కడుంది.

ఆకులన్నీ పోయినా మీ వేప మొద్దు బతికే ఉంది. వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి ఆ చిగుళ్లు వేస్తోంది. ఆ చిగుళ్లు ఆకులై ముదిరితే, ఖర్చుపెట్టిందంతా మళ్లీ వేళ్లకు పంపుతాయి. తవ్వడానికి ఇంకా నెలలు ఆగుతామంటే, ఈలోపు చేయాల్సింది ఒకటే: రెండు మూడు వారాలకోసారి చిగుళ్లను బెరడు దాకా చీరేసినట్టు లాగి పారేయండి. కత్తెరతో కోస్తే పక్క నుంచి రెండు వస్తాయి. ఇలా చేస్తూ పోతే వేళ్ల నిల్వ తరుగుతుంది. పూర్తిగా చావడానికి ఏడాదో రెండేళ్లో పట్టొచ్చు, కానీ మీరు ఎలాగూ తవ్వబోతున్నారు కాబట్టి అంతదాకా అక్కర్లేదు.

తవ్వకుండా చంపి వదిలేయాలనుకునేవాళ్లు కలుపుమందు వాడతారు. గ్లైఫోసేట్, ట్రైక్లోపైర్ ఈ పనికి వాడే రకాలు. ఇందులో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎండిన పాత కోత మీద, అదీ మధ్యలో, మందు పోస్తారు. మధ్యలో ఉండేది చేవ, ఎప్పుడో చచ్చిన చెక్క. అది మందును ఎక్కడికీ తీసుకుపోదు. బెరడుకు లోపలి అంచున ఒక అంగుళం మేర ఉండే తడి పొరే బతికున్న భాగం. కొత్తగా అంగుళం మందాన బిళ్ల కోసి, కోసిన కొద్ది నిమిషాల్లోనే ఆ అంచు చుట్టూ బ్రష్షుతో పూయాలి. గంట ఆగితే ఆ పొర మూసుకుపోతుంది, మందు దండగ. దగ్గర్లో మీకు కావాల్సిన ఇంకో వేపచెట్టు ఉంటే ఈ పని వద్దు. ఒకే జాతి చెట్ల వేళ్లు నేలలో ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండొచ్చు, మందు అటు కూడా వెళ్తుంది. ఈ మందుల అమ్మకం, వాడకం మీద చాలాచోట్ల ఆంక్షలున్నాయి. అవేమిటో తెలుసుకుని, డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా వాడండి.

ఉప్పు, యాసిడ్, పాత ఇంజనాయిలు, డీజిలు: ఇవి పోయమని మీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. పోయకండి. మొద్దు చావొచ్చు, చావకపోవచ్చు. చుట్టూ మట్టి పాడవడం మాత్రం ఖాయం. ఉప్పుకు ఇంకో ఇబ్బంది: మీరు అక్కడ కాంక్రీటు వేస్తానంటున్నారు, ఉప్పు చేరిన మట్టి కాంక్రీటులోని ఇనుప ఊచలకు తుప్పు తెస్తుంది.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ అనే రాగి లవణం, గురించి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే అది అందరూ నమ్మే చిట్కా. మొద్దుకు బెజ్జాలు వేసి మైలుతుత్తం నింపితే కుళ్లిపోతుందంటారు. కాస్త ఆలోచించండి. చెక్కను కుళ్లబెట్టేది శిలీంధ్రాలు. మైలుతుత్తం శిలీంధ్రాలను చంపే మందు. తోటల్లో ఆకు తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలో ఉన్నది అదే. కంచె గుంజలు నేలలో కుళ్లకుండా ఏళ్ల తరబడి నిలవడానికి ఎక్కించే రసాయనాల్లోనూ రాగి లవణమే ముఖ్యం. అంటే కుళ్లాల్సిన మొద్దుకు మీరే చేతులారా ఊరగాయ పెట్టినట్టు. పచ్చి మొద్దు చావడానికి అది కొంత పనికిరావచ్చు. ఆ తర్వాత అది ఇంకా ఎక్కువకాలం గట్టిగా అక్కడే కూర్చుంటుంది.

కుళ్లబెట్టే మందుగా అమ్మేది ఎక్కువగా పొటాషియం నైట్రేట్, మన సురేకారం. చెక్కలో నత్రజని చాలా తక్కువ, శిలీంధ్రాలకు అది కావాలి. సురేకారం ఆ నత్రజనిని అందిస్తుంది. ముప్పాతిక నుంచి అంగుళం లావు బెజ్జాలు, ఎనిమిది పది అంగుళాల లోతున, నాలుగు అంగుళాలకొకటి చొప్పున వేసి, నింపి, గోరువెచ్చని నీళ్లు పోసి కప్పి ఉంచాలి. పచ్చి మొద్దుకు ఇది దండగ. చచ్చి ఎండిన మొద్దు కూడా గొడ్డలికి లొంగేంత మెత్తబడటానికి నెలలు పడుతుంది, చేవ గట్టి చెట్లయితే ఇంకా ఎక్కువ. పైగా సురేకారం నిప్పును రాజేసే పదార్థం, దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. మీకున్న గడువు ఒక్క ఏడాది. అందుకే మీ వేపకు నేనిది చెప్పను.

కాబట్టి తవ్వడమే. మొద్దు తీయడమంటే మొద్దుతో కుస్తీ పట్టడం అనుకుంటారు కానీ, మొద్దు బరువు పెద్ద సమస్య కాదు. పచ్చి చెక్క ఘనమీటరు టన్నుకు దగ్గరగా తూగుతుంది. అడుగున్నర అడ్డం, రెండడుగుల ఎత్తు ముక్క అంటే వంద కిలోలకు అటూ ఇటూ. ఇద్దరు మనుషులు గునపాలతో దొర్లించగలరు. దాన్ని కదలనివ్వనివి వేళ్లు. నిజానికి పెద్ద చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. తల్లివేరు పాతాళానికి పోతుందన్నది మొక్క వయసులో నిజం. పెద్దయ్యాక భారమంతా పక్కవేళ్లదే. ఆ పక్కవేళ్లు ఆరో ఎనిమిదో లెక్కపెట్టి తెంపితే మిగిలేది వదులైన దుంగ.

తవ్వే ముందు కింద ఏముందో తెలుసుకోండి. నీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు తీగ, సెప్టిక్ ట్యాంకు. ఒకసారి నేను కుదుర్చుకున్న యంత్రం మనిషి ఒక్క దెబ్బకు మొద్దుతోపాటు మురుగు పైపు కూడా పైకి తెచ్చాడు. తప్పు నాది, అడగాల్సింది నేను. వేళ్లు తేమ కోసం పైపుల పక్కనే పాకుతాయి, కాబట్టి మొద్దు దగ్గర పైపు ఉండే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. బోలుగా ఉన్న మొద్దయితే కర్రతో నాలుగు తట్లు తట్టి, కాసేపు ఆగి చూడండి. పాములు, తేళ్లు, కందిరీగలకు అది ఇల్లు.

ముందు రోజు సాయంత్రం మొద్దు చుట్టూ నీళ్లు బాగా పెట్టండి. పొద్దునకు తడి లోపలికి దిగి మట్టి మెత్తగా ఉండాలి, బురద కాకూడదు. మొద్దు అంచు నుంచి రెండడుగుల దూరంలో గుండ్రంగా కందకం తీయండి. మొద్దుకు ఆనుకుని తవ్వితే గొడ్డలి ఆడించడానికి చోటుండదు. వేరు కూడా అక్కడే అన్నిటికన్నా లావు. రెండడుగుల దూరంలో అదే వేరు సగం లావే ఉంటుంది.

వేరు కనబడగానే నరకడానికి తొందరపడకండి. నా పనిముట్లలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది నీళ్ల పైపు. నీటి ధారతో వేరు చుట్టూ, కింద కూడా మట్టి కడిగేయండి. మట్టి, ఇసుక అంటిన వేరు మీద రంపం పెడితే పళ్లు నిమిషంలో మొద్దుబారతాయి. చైన్ రంపం గొలుసయితే ఒక్క మట్టి వేరుకే పోతుంది. వేళ్లకు నేను పాత గొడ్డలి, ముందుకూ వెనక్కూ ఆడే కరెంటు రంపం వాడతాను. మంచి గొడ్డలిని ఈ పనికి తేకండి, రాయి తగిలి అంచు పోయాక బాధపడతారు.

ప్రతి లావు వేరునూ రెండుచోట్ల కోయాలి: కందకం బయటి అంచున ఒకటి, మొద్దు దగ్గర ఒకటి. మధ్య ముక్క తీసేస్తే చేతులు ఆడటానికి, గునపం దూర్చడానికి చోటొస్తుంది. ఒక్కచోటే కోస్తే తెగిన వేరు అక్కడే ఇరుక్కుని, అడుగడుగునా అడ్డం పడుతుంది. ఈ చిన్న విషయం నాకు పదో పన్నెండో మొద్దులు తీశాక గానీ బుర్రకెక్కలేదు. కోసేటప్పుడు వేరు బిగుతుగా ఉండి తెగగానే ఎగిరే ప్రమాదముంది, ముఖం పక్కకు పెట్టి, కళ్లద్దాలు, బూట్లు వేసుకుని కోయండి.

పక్కవేళ్లన్నీ తెగాక గునపం దూర్చి, కింద రాయో చెక్కదిమ్మో పెట్టి తొక్కండి. ఒకవైపు కదిలి మరోవైపు కదలకపోతే, కదలని వైపు కింద ఇంకో వేరుంది. మొద్దును గట్టిగా ఊపుతూ చెవి పెట్టి వింటే ఎటువైపు చిటపటలాడుతుందో తెలుస్తుంది. నిలువుగా దిగే వేరుంటే, మొద్దును ఒకవైపు వీలైనంత ఒరిగించి, ఆ సందు నిలబడేలా దిమ్మ ఆనించి, అప్పుడు కోయండి. ఒరిగిన మొద్దు కిందికి చేయి పెట్టేముందు దిమ్మ సరిగ్గా ఆనిందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఇద్దరు మనుషులుంటే మీ మొద్దు ఒకటిన్నర రోజు పని. ఒక్కరే అయితే మూడు రోజులకు పంచుకోండి, నడుము మీది.

ఇంకా చెట్టు కొట్టనివాళ్లు చదువుతుంటే ఒక మాట: తవ్వి తీయాలనుకుంటే నేలమట్టానికి కొట్టకండి, నాలుగడుగులు నిలబెట్టి ఉంచండి. వేళ్లు తెంపాక ఆ నిలువు కాండమే మీటలా పనికొస్తుంది. మీది మోకాలెత్తు ఉంది కాబట్టి కొంత నయం.

బండికి తాడు కట్టి లాగొచ్చా అంటారేమో. కుర్రతనంలో నేనూ చేశాను. వేళ్లు తెంపకుండా లాగాం, కొక్కెం ఊడి వచ్చి బండి వెనక అద్దంలోంచి దూసుకుపోయింది. అక్కడ మనిషి లేడు కాబట్టి ఈ కథ తేలిగ్గా చెప్పగలుగుతున్నాను. ట్రాక్టరయితే ఇంకా ప్రమాదం: లాగే తాడు వెనక ఇరుసు కన్నా ఎత్తులో కడితే ముందు చక్రాలు లేచి, బండి వెనక్కి బోల్తా పడి నడిపేవాడి మీదే పడుతుంది. వేళ్లు తెంపితే బండి అవసరమే రాదు, తెంపకపోతే బండి వల్ల కాదు.

మొద్దుకు ఉన్నచోటే నిప్పు పెట్టడం ఇళ్ల మధ్య పనికిరాదు. పైన ఆరినట్టు కనిపించినా నిప్పు వేరు వెంట నేల కింద రోజుల తరబడి రగులుతూ, ఎక్కడో దూరాన పైకి తేలుతుంది.

తవ్వే ఓపిక లేకపోతే మొద్దును పొట్టు కింద కొట్టే యంత్రం, స్టంప్ గ్రైండర్ అంటారు, అద్దెకు తెప్పించవచ్చు. గట్టి పళ్లున్న చక్రం పక్కలకు ఊగుతూ మొద్దును పొరలు పొరలుగా చెక్కేస్తుంది. గంటలో పని తేలిపోతుంది. గేటు వెడల్పు ముందే కొలిచి చెప్పండి, లోపలికి రాలేక వెనక్కి పోయిన యంత్రాలను చూశాను. రాళ్లు తూటాల్లా ఎగురుతాయి, పిల్లలు ఇంట్లో ఉండాలి, కిటికీలకు అడ్డం పెట్టాలి. కానీ మీ విషయంలో దీనికొక లోపముంది. మామూలుగా అది అర అడుగు నుంచి అడుగు లోతుకే చెక్కుతుంది, పక్కవేళ్లు నేలలోనే ఉండిపోతాయి. పచ్చిక పెంచుకునే చోటయితే అది చాలు. మీరు పైన కాంక్రీటు పోస్తున్నారు. కింద ఉండిపోయిన లావు వేళ్లు కుళ్లాక అక్కడ బోలు ఏర్పడుతుంది, బండి బరువుకు నేల పగులుతుంది. కాబట్టి యంత్రం పెట్టినా, నేల వేసే మేర మణికట్టు కన్నా లావున్న వేళ్లను తవ్వి తీయాల్సిందే. ఇంటివైపు పోయిన వేళ్లను మాత్రం పునాది దాకా వెంటాడకండి. కందకం అంచున కోసి వదిలేయండి. లాగితే గోడ కింద మట్టి వదులవుతుంది. వేపకు తెగిన వేళ్ల నుంచి కూడా పిలకలు వచ్చే గుణముంది, కనిపించినప్పుడల్లా లాగేయండి.

మీ మట్టి ఏ రకమో రాయలేదు. నల్లరేగడి లాంటి, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే బంకమట్టి అయితే ఈ సంగతి చదవండి. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి ఆ మట్టిలో నీళ్లు పీల్చి దాన్ని ఆరబెట్టి ఉంచుతుంది. చెట్టు పోయాక తేమ మళ్లీ చేరుతూ మట్టి ఉబ్బుతుంది, ఒక్కోసారి ఏళ్లపాటు. పన్నెండడుగుల దూరంలోని ఇంటి గోడకు కొత్త పగుళ్లు కనిపిస్తే వెంటనే పూత పూయించి దాచకండి. పక్కన తేదీ రాసి పెట్టి, కనీసం ఒక వానాకాలం దాటేదాకా పెరుగుతున్నాయేమో చూడండి. పెరుగుతుంటే ఇంజనీరుకు చూపించాకే ఆ కాంక్రీటు మొదలుపెట్టండి.

గుంత పూడ్చడంలో తొందరే అందరి కొంప ముంచేది. ఒకేసారి మట్టంతా పోసి పైన తొక్కితే పైనున్న అర అడుగే గట్టిపడుతుంది, కింద వదులుగానే ఉంటుంది. ఆరు అంగుళాల పొర పోయండి, కొద్దిగా తడపండి, దిమ్మిసతో కొట్టండి, మళ్లీ ఆరు అంగుళాలు. చెక్క ముక్కలు, వేరు ముక్కలు, పొట్టు, ఏవీ గుంతలో వేయకండి. అవి కుళ్లితే గుంట పడటమే కాదు, చెదలను మీరే పిలిచి ఇంటి దగ్గర కూర్చోబెట్టినట్టు. చివర నేలమట్టం కన్నా మూడు నాలుగు అంగుళాలు ఎత్తుగా వదిలి, ఒక వానాకాలం తడవనివ్వండి. మీకు ఏడాది గడువుంది కదా, దాన్ని మందుకోసం కాకుండా మట్టి ఇలా దిగి కుదురుకోవడం కోసం వాడుకోండి. ఇప్పుడు తవ్వేస్తే, నేల వేసే నాటికి మట్టి తనంతట తాను కుదురుకుంటుంది.

యంత్రం పెట్టిస్తే వచ్చే పొట్టు మీరనుకున్నదానికి మూడు నాలుగింతలు ఉంటుంది. దాన్ని పారేయకండి, అలాగని మట్టిలో కలపొద్దు. చెక్కలో నత్రజనికి కర్బనం కొన్ని వందల రెట్లు. కంపోస్టు చక్కగా మాగడానికి 25 నుంచి 30 రెట్లు ఉంటే సరిపోతుంది. మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు ఆ లోటు తీర్చుకోవడానికి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, అక్కడ వేసిన మొక్కలు పచ్చగా కాకుండా పసుపుగా పెరుగుతాయి. ఇంటి గోడకు దూరంగా, చెట్ల పాదుల్లో పైపైన పరిస్తే ఏ ఇబ్బందీ లేదు, తేమ నిలుస్తుంది. మునగ మూలలో మళ్లీ ఏదైనా నాటాలనుకుంటే అదే గుంతలో కాకుండా మూడడుగులు పక్కకు జరిపి నాటండి.

తవ్వడం మొదలుపెట్టాక ఏదైనా వేరు పునాది వైపు తొడంత లావున పోతున్నట్టు కనిపిస్తే, కోసేముందు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.